తెల్లమట్టి మీద గోదారి ఒండ్రు

పింగాణీ తెల్లగా ఉందంటే అందులో ఇనుము దాదాపు లేదని అర్థం. ఆ తెలుపు ఎవరూ పూసింది కాదు. మట్టిలో ఇనుప ఆక్సైడు ఒక శాతం దాటితే చాలు, కాల్చాక మీగడ రంగుకో బూడిద రంగుకో తిరుగుతుంది. అయిదారు శాతం ఉంటే ఇక ఇటుకే. మా యానాం చుట్టుపక్కల ఎక్కడ గునపం దించినా పైకొచ్చేది ఆ ఇటుక మట్టే. అందుకే నేను పింగాణీతో శిల్పాలు చేస్తానంటే చాలామంది అడుగుతుంటారు, గోదారి ఒడ్డున కూర్చుని మట్టి కొనుక్కోవడమేంటని. నిజమే, నా మట్టి లారీ మీద వస్తుంది. కానీ ఈ మధ్య పూర్తయిన శిల్పంలో గోదారి కూడా ఉంది. ఎక్కడ ఉంది, అక్కడే ఎందుకు ఉంది అన్నది వివరంగా రాయాలనిపించింది.

ముందు అది ఎలా ఉంటుందో చెప్తాను. మొత్తం 26 తెల్లటి రేకులు. ఒక్కోటి కొంచెం వంపు తిరిగి నిలువుగా నిలబడి ఉంటుంది. అన్నిట్లోకి పొడుగుది 38 సెంటీమీటర్లు, పొట్టిది జానెడు. పై అంచు దగ్గర మందం 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు, కిందికి వచ్చేసరికి 4. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో వేలు దూరేంత సందుతో, మెలిక తిరిగిన వరసలో ఉంటాయి. అడుగున ఎర్రగా కాల్చిన మట్టి పలక. ప్రతి రేకు కింది భాగంలోనూ నలుపూ గోధుమా కలిసిన గాజు పట్టీ ఒకటి ఉంటుంది, దాని ఎత్తు రేకు రేకుకీ మారుతుంది. పొద్దున్న కిటికీ వెలుగు వెనకనుంచి పడితే తెల్లటి భాగంలోంచి వెలుతురు ఇవతలికి వస్తుంది. రెండు రేకులు ఒకదానికొకటి అడ్డం వచ్చిన చోట తగ్గుతుంది, మూడు అడ్డం వస్తే ఇంకా తగ్గుతుంది. పట్టీ దగ్గరకొచ్చి పూర్తిగా ఆగిపోతుంది.

మా పిన్ని చూసి "ఏంటమ్మా ఇది?" అంది. నేను చెప్పేలోపే తనే దగ్గరికెళ్ళి ఆ పట్టీ మీద వేలు పెట్టి, "ఎనభయ్యారు వరదప్పుడు మన పాతింటి గోడ మీద మరక ఇలాగే ఉండేది, ఎన్ని సున్నాలేసినా పోలేదు" అంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. లంకల్లో పెద్దవాళ్ళు ఎవరినడిగినా నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో ఇప్పటికీ చేత్తో చూపిస్తారు. నేను వరద బొమ్మ చెయ్యాలనుకోలేదు. అలాగని పిన్ని చూసింది అందులో లేదని కూడా అనను.

పింగాణీకి మూలమైన తెల్లమట్టిని కావోలిన్ అంటారు, అది ఎలా పుడుతుందో తెలిస్తే ఈ తెలుపు ఎంత అరుదైనదో తెలుస్తుంది. గ్రానైటు లాంటి రాళ్ళలో ఫెల్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. లక్షల ఏళ్ళపాటు నీరు ఇంకి, అందులోని పొటాషియం, సోడియం కరిగి వెళ్ళిపోయి, మిగిలింది చివికి మెత్తటి తెల్లమట్టిగా మారుతుంది. పుట్టిన చోటే ఉండిపోయిన మట్టి కాబట్టి పరాయి సరుకు పెద్దగా కలవదు. ఒండ్రు అలా కాదు. గోదారి త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి ఇక్కడికొస్తుంది. పరీవాహక ప్రాంతంలో దాదాపు సగం దక్కను నల్లరాయి, అంటే బసాల్టు, ఇనుము దండిగా ఉండే రాయి. దానికి తోడు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చేవి తెస్తాయి. జులైలో ఎర్రనీరు తగిలిందంటే ఊళ్ళో అందరికీ పులస గుర్తొస్తుంది, నాకు ఆ ఎరుపులో ఇనుము గుర్తొస్తుంది. వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలు తీసే ఈ నేల వరికి ఎంత మంచిదో చెప్పక్కర్లేదు. కానీ పింగాణీకి కావలసిన వేడికి ఈ మట్టి నిలవదు. 1150 డిగ్రీలు దాటేసరికి పొంగి, మెత్తబడి, ఆకారం వదిలేస్తుంది.

చైనాలోని జింగ్‌దెజెన్‌లో ఉన్న దాంత్రకోల్ అనే ఫ్రెంచి ఫాదిరీ 1712లో తన దేశానికి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. పింగాణీ ఎలా చేస్తారో యూరప్‌కి అంత వివరంగా తెలిసింది దానివల్లే. అక్కడివాళ్ళ దృష్టిలో కావోలిన్ ఎముకలు, పెటున్‌సె అనే రాతిపొడి మాంసం. యూరప్ నుంచి వచ్చినవాళ్ళు పెటున్‌సె ఒక్కటే పట్టుకెళ్ళి పింగాణీ చెయ్యబోయారని విని, ఎముకల్లేకుండా ఒట్టి మాంసంతో ఒళ్ళు నిలబెడదామనుకున్నారా అని అక్కడి వర్తకుడొకాయన నవ్వాడట. మూడు వందల ఏళ్ళు దాటినా ఈ పనిలో ఇంతకన్నా సూటి మాట నాకు దొరకలేదు. ఫెల్‌స్పార్ నా పనిలో ఆ మాంసం; కరిగి గాజై అన్నిటినీ పట్టి ఉంచుతుంది. కావోలిన్ ఆ కరిగే వేళలో కూడా ఆకారాన్ని నిలబెడుతుంది.

నా మిశ్రమం నూటికి కావోలిన్ 50, ఫెల్‌స్పార్ 25, పలుగురాయి పొడి 20, బాల్ క్లే 5. కావోలిన్ కేరళది. ఫెల్‌స్పార్, పలుగురాయి గూడూరు వైపు అభ్రకం దొరికే నేలల్లోవి. బాల్ క్లే ఒక్కటే మనకి దగ్గరది, ద్వారకా తిరుమల చుట్టుపక్కల మెరక నేలల్లోంచి వస్తుంది. చిన్న తిరుపతి వెంకన్న దర్శనానికి వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, అక్కడి మట్టి లారీలకెత్తి పంపేంత మంచి మట్టి. బాల్ క్లే జిగురునిస్తుంది, బదులుగా కొంత తెలుపు తీసుకుంటుంది. అయిదు శాతం మించితే నాకు ఒప్పదు.

ఇవి కలిపే పనిలో మా బాబాయి తోడుంటారు. ఆయన టైల్స్ ఫ్యాక్టరీలో మట్టీ రాయీ నూరే బాల్ మిల్లు దగ్గర పనిచేసిన మనిషి. పింగాణీ శిల్పం ఆయనకి కొత్త, మట్టి మాత్రం కొట్టిన పిండి. స్లిప్పు, అంటే నీళ్ళలో జారుగా కలిపిన మట్టి, చూడగానే లీటరు బరువు ఎంతో అడుగుతారు. చిక్కగా ఉందని నేను చెంబు అందుకుంటే, "నీళ్ళు పొయ్యకమ్మాయ్, ఎండేటప్పుడు చీలిపోద్ది. సోడియం సిలికేట్ రెండు చుక్కలెయ్యి, అదే జారుద్ది" అంటారు. అంతే జరుగుతుంది. మట్టి రేణువులు ఒకదాన్నొకటి దూరం పెట్టుకుని, అన్నే నీళ్ళతో స్లిప్పు పలచబడుతుంది. ఫ్యాక్టరీలో గంటకి టన్నుల లెక్కన చూసిన మనిషి నా బకెట్టు మీద కూడా అంతే శ్రద్ధ పెడతారు.

పలుగురాయి పొడి పొడిగా ఉన్నప్పుడు మాస్కు లేకుండా ఎవరూ షెడ్డులోకి రాకూడదన్నది కూడా బాబాయి పెట్టిన కట్టుబాటే. తడి గుడ్డతో తుడవడమే తప్ప చీపురు పట్టం. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. రాయి పగలగొట్టే, పొడి కొట్టే చోట్ల పనిచేసేవాళ్ళకి సిలికోసిస్ వస్తే దానికి మందు లేదు. 2010లో ఐ వేవే అనే చైనా కళాకారుడు లండన్‌లోని కళా మ్యూజియం టేట్ మోడర్న్‌లో 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. జింగ్‌దెజెన్‌లో 1600 మంది చేతుల్తో చేసి, రంగు దిద్దినవి. జనం వాటి మీద నడవాలన్నది మొదటి ఆలోచన. కొద్ది రోజుల్లోనే లేచిన దుమ్ము చూసి నడవనివ్వడం ఆపేశారు. అంత నాజూకు సరుకు చేతిలో పట్టుకున్నప్పుడు దాని వెనక ఉన్న దుమ్మునీ, ఆ దుమ్ములో పనిచేసేవాళ్ళనీ తలుచుకోవాలని నాకు అనిపిస్తుంది. గూడూరు నుంచి వచ్చే నా బస్తా కూడా ఎవరో పొడి కొట్టిందే కదా.

ఇక రేకులు. ఇంత పలచగా ఎలా తీశానని అందరూ అడిగేది ఇదే. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే చెయ్యి చూసి నేర్చుకున్నాను. బోర్లించిన కుండ కింద మంట, పైన పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒకే ఒక్క లాగు. కుండ వేడికి క్షణంలో ఆరి రేకు లేస్తుంది. ఆ తల్లులు గుడ్డని రెండు చేతుల్తో పట్టుకునే తీరు చూడాలి. అటూ ఇటూ సాగదీస్తూ, కుండని తాకీ తాకనట్టు, ఎక్కడా ఆగకుండా. ఆగితే అక్కడ మందం వచ్చేస్తుంది. నాకు కుండ బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోసిన బోర్లా అచ్చు ఉంటుంది. మంట అక్కర్లేదు, ప్లాస్టరే నీళ్ళు పీల్చేస్తుంది. మల్లు గుడ్డని స్లిప్పులో ముంచి ఒక లాగు, ఆరీ ఆరకముందే మరో లాగు, కింది సగానికి ఇంకో రెండు. అందుకే పైన పలచన, కింద మందం. స్లిప్పులో కొంచెం కాగితం గుజ్జు కలుపుతాను. పచ్చి రేకుకి ఆ పీచే బలం. బట్టీలో కాలి పోతుంది, తెలుపుకి చెడుపు ఉండదు.

లేచిన రేకుని ఆరబెట్టడంలో మా ఊరి గాలి నాకు మేలే చేస్తుంది. సముద్రం పక్కన, గౌతమి పక్కన, తేమ ఎప్పుడూ ఉంటుంది. రేకు అంచులు గబగబా ఆరి ముడుచుకోకుండా, ఒళ్ళంతా ఒకేలా ఆరుతుంది. వైశాఖంలో వడగాలి వీచే రోజుల్లో మాత్రం రేకులు తియ్యను.

మొదటి కాల్పు 1000 డిగ్రీలకి. 450 నుంచి 600 మధ్య కావోలిన్ తన నిర్మాణంలో దాచుకున్న నీటిని వదిలేస్తుంది, బరువులో 14 శాతం దాకా. అక్కడినుంచి అది నీళ్ళు పోసినా మళ్ళీ మట్టి కాదు. 573 దగ్గర పలుగురాయి స్ఫటికం ఒక్కసారి ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అదే చోట సంకోచిస్తుంది. పలచటి రేకులు చిట్లేది ఎక్కువగా ఇక్కడే. అందుకని ఆ వేడి చుట్టూ బట్టీని ఎంత నెమ్మదిగా నడిపితే అంత మంచిది.

రెండో కాల్పు 1280కి. అసలు కథంతా ఆ చివరి వంద డిగ్రీల్లోనే. ఫెల్‌స్పార్ కరిగి, మట్టి సందులన్నీ గాజుతో నిండి, రేకు ఒళ్ళంతా మెత్తబడుతుంది. అదే సమయంలో కావోలిన్‌లోంచి ముల్లైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు పెరిగి లోపలినుంచి పట్టుకుంటాయి. దాంత్రకోల్ రాసిన ఎముకలంటే ఇవేనేమో అనిపిస్తుంది. రేకు మొత్తం మీద పదమూడు శాతం దాకా కుంచించుకుపోతుంది. అందుకే దానికి పెట్టే ఊతాలు కూడా అదే మట్టితో చెయ్యాలి, రేకూ ఊతం కలిసి చిన్నవవ్వాలి. వేరే మట్టి ఊతం పెడితే రేకు దిగుతుంది గానీ ఊతం దిగదు, అక్కడ మడత పడుతుంది. రెండూ అంటుకోకుండా మధ్యలో అల్యూమినా పొడి. ఇన్ని చేసినా రేకు ఎటు వాలాలో కొంత తనే నిర్ణయించుకుంటుంది. ఆ వాలుని నేను సరిచెయ్యను. ఏ రేకు పక్కన ఏది నిలబడాలో ఆ వాలు చూశాకే పేరుస్తాను. ఈ శిల్పం వరస మెలిక తిరిగిందంటే కారణం అదే.

మా కాళ్ళ కింద కేజీ బేసిన్ గ్యాసు ఉంది కదా, గ్యాసు బట్టీ పెట్టొచ్చు కదా అంటారు. గ్యాసుతో ఆక్సిజన్ తగ్గించి కాలిస్తే పింగాణీలో మిగిలిన కాస్త ఇనుము నీలిచాయ తిరుగుతుంది. చైనా పాత్రల్లో కనిపించే చల్లటి తెలుపు అదే. కరెంటు బట్టీలో గాలి ధారాళంగా ఆడుతుంది, తెలుపు కాస్త వెచ్చగా, దంతం చాయలో వస్తుంది. నాకు ఈ దంతం చాయే ఇష్టం. ఎర్ర పలక పక్కన నీలి తెలుపు పెడితే అది ఆసుపత్రి తెలుపు అయిపోతుంది.

ఇప్పుడు ఆ నల్ల పట్టీ. మన మట్టి 1280కి నిలవదు, కరిగిపోతుంది అన్నాను కదా. నిలవనిదాన్ని నిలబెట్టడం మానేసి కరగనిస్తే? కరిగితే అది గ్లేజే, అంటే గాజులా అంటుకునే పూత. ఇనుము, సున్నం, పొటాషియం, సోడియం, మెత్తటి ఇసుక, గ్లేజుకి కావలసిన సరుకంతా గోదారి ముందే కలిపి పెట్టింది. లంక అంచు నుంచి తెచ్చిన ఒండ్రుని నీళ్ళలో కలిపి, మల్లు గుడ్డలో వడకట్టి, అడుగున పేరుకున్న మెత్తటి భాగం తీస్తాను. అలాగే పూస్తే మాత్రం ఎండగానే చేలో పడ్డట్టే నెర్రెలు పడి, పెచ్చులుగా ఊడిపోతుంది. సగం ఒండ్రుని ముందే 800 డిగ్రీలకి కాల్చి, నూరి, పచ్చిదానిలో కలిపితే నిలుస్తుంది. కాలిన సగం కుంచించుకోదు, పచ్చి సగం అంటుకుంటుంది. పలచగా పూసిన చోట తేనె రంగు, రెండు పూతలేసిన చోట నలుపు.

పట్టీ పై అంచున సన్నటి పాలరంగు గీత కనిపిస్తుంది, దగ్గరికెళ్తే కొంచెం నీలం కూడా. అది ఊక బూడిద. మండపేట వైపు రైస్ మిల్లుల దగ్గర గుట్టలుగా ఉంటుంది. అందులో ఇంచుమించు 90 శాతం సిలికాయే. వరి మొక్క నేలలోంచి తాగి ఊకలో దాచుకున్న సిలికా అది. అది ఒక్కటీ కరగదు, ఫెల్‌స్పార్, గుల్ల సున్నం తోడు కావాలి. గుల్లలు మా కడలి వైపు ఏరినవే, కాల్చి సున్నం చేసినవి. జపాన్‌లో కుమ్మరులు ఊక బూడిదతో పాలరంగు గ్లేజు చెయ్యడం శతాబ్దాల నాటి పని. వరి పండే నేలల్లో ఇది తోచడం సహజం. నల్ల ఒండ్రు మీద ఆ తెల్ల గ్లేజు జారినప్పుడు రెండూ కలిసే చోట ఏ రంగు డబ్బాలోనూ దొరకని చాయ వస్తుంది. పట్టీ అడుగున మాత్రం ఒక వేలెడు మేర గ్లేజు తుడిచేస్తాను, లేకపోతే రేకు బట్టీ పలకకి అతుక్కుపోతుంది.

అందుకే గోదారి నా శిల్పంలో పైపూతగానే ఉంది. ఒండ్రు కొంచెం పింగాణీలోనే కలిపి "గోదావరి పింగాణీ" అని పేరు పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అమ్ముడుపోవడానికి ఆ పేరు పనికొస్తుందేమో. నాకు ఒప్పలేదు. ఒండ్రు కలిపిన మరుక్షణం అది పింగాణీ కాకుండా పోతుంది, బూడిదరంగు మట్టి అవుతుంది, వెలుతురు ఆగిపోతుంది. ఒండ్రు మా ఊరికి ఎలా వచ్చిందో అలాగే రేకు మీదకీ వచ్చింది. పైనుంచి వచ్చి, పొరగా పేరుకుని, ఉండిపోయింది. రెంటినీ వాటి వాటి స్వభావంలో ఉంచాలనే ఇంత తంటా.

ఇది దేని బొమ్మ అనే ప్రశ్న తప్పదు. దేని బొమ్మా కాదు. పింగాణీ శిల్పి రూత్ డక్‌వర్త్ పని ఫొటోల్లో చూసినప్పటినుంచి నాకు ఈ విషయంలో ధైర్యం వచ్చింది. 1919లో హాంబర్గ్‌లో పుట్టి, హిట్లర్ కాలంలో ఇంగ్లండు చేరి, కొన్నాళ్ళు సమాధి రాళ్ళు చెక్కి, 1964లో షికాగో వెళ్ళి స్థిరపడిన మనిషి. ఆవిడ చేసినవాటిలో చిన్న పింగాణీ గిన్నె లాంటి రూపం, దాన్ని నిలువునా చీలుస్తూ కత్తి అంచంత పలచటి పలక. చాలావాటికి పేర్లే పెట్టలేదు. ఆ రెండు ముక్కల మధ్య ఉన్న సందు చూస్తుంటే ఊపిరి బిగబట్టాలనిపిస్తుంది. మనిషి ముఖం లేకుండా, పువ్వు లేకుండా అంత చెప్పొచ్చని అప్పుడే తెలిసింది. మాకు పుదుచ్చేరి 800 కిలోమీటర్ల పైన ఉన్నా రాకపోకలు తప్పవు. అక్కడ 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వల్ల ఆ ఊళ్ళో మట్టిపని ఒక చదువుగా నిలబడింది. ఆ ప్రభావంలో పెరిగినవాళ్ళ దగ్గరే నేను చెయ్యి దిద్దుకున్నాను.

శిల్పం లోపల బల్బు పెడితే బాగుంటుందని కొనడానికి వచ్చినాయన అన్నారు. వద్దన్నాను. బల్బు ఎప్పుడూ ఒకేలా వెలుగుతుంది. పగటి వెలుగు గంట గంటకీ మారుతుంది, మబ్బు పడితే రేకులన్నీ ఒకే తెలుపులోకి వచ్చేస్తాయి, ఎండ వస్తే మళ్ళీ విడివిడిగా కనిపిస్తాయి. తూర్పు కిటికీ ఉన్న గోడ చూపిస్తే ఇస్తానన్నాను. ఆయన ఇల్లు చూసుకుని చెప్తానన్నారు.

తర్వాతి పనికి ఒండ్రు సేకరించడం మొదలుపెట్టాను. గౌతమి ఒడ్డు మట్టి, వశిష్ఠ ఒడ్డు మట్టి, వైనతేయ ఒడ్డు మట్టి పక్కపక్కన కరిగితే ఒకే రంగొస్తుందా, వేరే వేరేగా వస్తుందా చూడాలి. ముక్తేశ్వరం, పి.గన్నవరం, రాజోలు, అంతర్వేది వైపు లంకల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈసారి వరద తీశాక మీ రేవు దగ్గర పైపొర మట్టి ఒక దోసెడు తీసి ఉంచండి. ఎరువు వేసిన చేలోది వద్దు, ఏటి అంచుది కావాలి. నీడన ఆరబెట్టి, సంచి మీద ఊరి పేరూ ఏ పాయో రాయండి. ఆ పేరే ఆ రేకు అడుగున చెక్కుతాను.